సవుసవు కట్టలో ఒక పేపరు

సువా,
మంగళవారం.

ప్రియమైన అమ్మకు,

నీ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చి నెల దాటింది. ఓడ వచ్చినప్పుడల్లా పోస్టాఫీసుకు వెళ్తున్నాను. కౌంటర్లో కూర్చునే ఆవిడ ఇప్పుడు నా పేరు కూడా అడగడం లేదు, దూరం నుంచే తల అడ్డంగా ఊపుతోంది. నువ్వెందుకు రాయడం లేదో నాకు తెలుసు. తెలిసి కూడా తెలియనట్టు, నాన్న నడుం నొప్పి ఎలా ఉంది, చేమదుంపలు బాగా ఊరాయా అని రాయడానికి చెయ్యి రావడం లేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. పొద్దుటి నుంచి ఈ కాయితం ముందు కూర్చోవడం, లేవడం, గదిలో తిరగడం, మళ్ళీ వచ్చి కూర్చోవడం, ఇదే వరస. నాతో గదిలో ఉండే పిల్ల విసుగెత్తి, "నువ్వు కూర్చో, లేదంటే నన్ను పోనీ" అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది.

అమ్మా, అకౌంట్స్ పరీక్షలో నీకు నలభై ఏడు మార్కులు వేసింది నేనే.

ఈ ఏడు మొదట్లో నాకు డాక్టర్ అవినేష్ దగ్గర పని దొరికిందని రాశాను కదా. ఏం పనో విడమరిచి చెప్పలేదు. అది పేపర్లు దిద్దే పని. మొదటి సంవత్సరం వాళ్ళు రాసిన పేపర్లను మూడో సంవత్సరం వాళ్ళం కొందరం దిద్దుతాం. జవాబుల కాయితం ముందు పెట్టుకుని, దాని ప్రకారం మార్కులు వేసుకుంటూ పోవాలి. నీలా దీవుల్లో ఇంటి దగ్గరే ఉండి పోస్టులో చదివేవాళ్ళ పేపర్లు సెంటర్ల వారీగా కట్టలు కట్టి ఉంటాయి. పేపరు మీద పేరుండదు, నంబరే. పనిలో చేరిన రోజునే ఆయన మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి చెప్పారు: "మీవాళ్ళెవరన్నా ఈ కోర్సులో ఉంటే ఇప్పుడే చెప్పండి. వాళ్ళ పేపరు నేను చూసుకుంటా. తర్వాత తెలిసిందా, ఇక నాకు ముఖం చూపించొద్దు."

నేను నోరు మెదపలేదు. పని పోతుందన్న భయం ఒకటి. రెండోది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. అక్కడ అందరూ ఉన్నారు. వాళ్ళ ముందు "మా అమ్మ మొదటి సంవత్సరం చదువుతోంది" అనలేకపోయాను. నువ్వు కోర్సులో చేరానని రాసినప్పుడు శభాష్ అమ్మా అని జవాబు రాశాను గానీ, లోపల నాకు బాగనిపించలేదు. మన ఇంట్లో నాకంటూ విడిగా ఏముంది చెప్పు. బట్టలు అక్కవి, చాప అందరిదీ, చివరికి పేరు కూడా నాయనమ్మది. ఈ చదువొక్కటే నాది అనుకున్నాను. సెలవులకి వచ్చినప్పుడు నువ్వు చర్చి బయట నిలబడి, "ఇప్పుడు మేమిద్దరం ఒకే చదువు" అని పాస్టరు గారి భార్యతో చెప్తుంటే, నా పళ్ళెంలో ఎవరో చెయ్యి పెట్టి తింటున్నట్టు అనిపించింది. అలా అనిపించినందుకు నామీద నాకే అసహ్యం వేసింది. అసహ్యం వేసినా ఆ మంట మాత్రం పోలేదు.

మన సవుసవు సెంటర్ కట్ట నా వాటాకి వచ్చింది. నేను అడగలేదు, పంచింది విలియామి. వాడు టోంగా నుంచి వచ్చాడు, నాతో పాటే దిద్దుతాడు. కట్టలో సగం దాకా వచ్చాక నీ పేపరు కనబడింది. నంబరు చూసి గుర్తుపట్టలేదు, నీ నంబరెప్పుడూ నేను అడగలేదు. నీ రాత చూసి గుర్తుపట్టాను. కిందికి తోక లాగి మళ్ళీ పైకి తిప్పే ఆ అక్షరాలు, గీత మీద కాకుండా గీతకి కాస్త పైన నిలబడే ఆ వరసలు. చిన్నప్పటి నుంచి నా టిఫిన్ డబ్బా మీద, చొక్కా కాలర్ మీద చూసిన రాతే. ఆఖరి ప్రశ్న చూశాక ఇక అనుమానమే లేదు. అప్పు తీసుకున్న ఖాతాదారు చనిపోతే దుకాణదారు ఆ పద్దు ఏం చేయాలని ప్రశ్న. దానికి జవాబంతా సరిగ్గా రాసి, చివర ఒక వాక్యం: "కానీ వాళ్ళ ఇంటికి వెళ్ళి పలకరించకుండా ఆ పద్దు కొట్టేయకూడదు." కాళ్ళు మడమల దాకా బురదలో దిగబడుతుంటే, ఆనవాయితీగా ఇచ్చే చాప చంకలో పెట్టుకుని, నువ్వు పనిచేసే దుకాణం ఖాతాదారు చావింటికి వెళ్ళిన రోజు నాకు గుర్తుంది. ఇంకెవరు రాస్తారు అలాంటి మాట?

అప్పుడే లేచి ఆ పేపరు డాక్టర్ అవినేష్‌కి ఇచ్చేసి ఉండాల్సింది. ఇవ్వలేదు. చదవాలనిపించింది. నువ్వు ఎలా రాశావో చూడాలనిపించింది.

రెండో ప్రశ్నలో మొదట్లోనే ఒక అంకె తప్పు ఎక్కించావు. అక్కణ్ణుంచి ఆ తప్పు అంకెతోనే లెక్కంతా శుభ్రంగా చేసుకుంటూ పోయావు. ఇలాంటివాటికి మాకు ఒక పద్ధతి ఉంది. తప్పు ఒక్కసారే తప్పు. మొదటి చోట మార్కు తీసేసి, మిగతా లెక్క దారి సరిగ్గా ఉంటే మిగతా మార్కులు ఇవ్వాలి. ఆ కట్టలో అందరికీ అలాగే ఇచ్చాను. నీ దగ్గరికి వచ్చేసరికి కలం ఆపాను. ఇస్తే అమ్మ కదా అని ఇచ్చినట్టవుతుందేమో. రేపు ఎవరన్నా చూస్తే? అని ప్రతి వరసలోనూ కొట్టేశాను. కొట్టేస్తుంటే న్యాయం చేస్తున్నాననే అనుకున్నాను. అమ్మా, ఆ న్యాయంలో కాస్త ఆ పాత మంట కూడా ఉంది. ఎంత ఉందో నాకు తెలియదు. ఉందని మాత్రం తెలుసు.

విలియామి నావైపు చూసి, "ఏంటి లైసా, అరగంట నుంచి ఆ ఒక్క పేపర్నే పట్టుకున్నావ్. అందులో ఏమన్నా నిధి దొరికిందా?" అన్నాడు.

"రాత అర్థం కావట్లేదు" అన్నాను.

వాడు తొంగి చూశాడు. "ఇదా అర్థం కానిది? ముత్యాల్లా ఉంటే. నా రాత చూస్తే ఏమంటావో మరి" అని నవ్వి తన పనిలో పడ్డాడు.

యాభై వచ్చి ఈ పరీక్ష గట్టెక్కితేనే రెండో భాగంలోకి పంపుతారని నాకు తెలుసు. తెలిసే నలభై ఏడు వేశాను. ఆ రోజు నుంచి ఒక చోట కాలు నిలవడం లేదు. సముద్రం గోడ వెంబడి బజారు దాకా నడుస్తాను, ఏమీ కొనకుండా తిరిగొస్తాను. క్లాసులో కూర్చుంటే ఎప్పుడు లేస్తామా అని, బయట ఉంటే ఎప్పుడు లోపలికి వెళ్తామా అని. నువ్వు తిట్టు, కొట్టు, ఇంటికి రావద్దను. ఏదో ఒకటి రాయి. ఈ మౌనం మాత్రం నేను మోయలేను.

నీ
లైసానీ


సవుసవు,
శనివారం.

నా తల్లి లైసాకు,

ముందు కూర్చో. కూర్చున్నాకే ఇది చదువు.

నువ్వు దిద్దింది నా పేపరు కాదు.

నీకు అకౌంట్స్ మాస్టారి దగ్గర పని దొరికిందని రాసినప్పుడే, అది పేపర్లు దిద్దే పనే అయుంటుందని మా సెంటర్ గుమాస్తా చెప్పాడు. ఆ వారమే మీ డాక్టర్ గారికి ఉత్తరం రాశాను. నా కూతురు మీ దగ్గర పని చేస్తోంది, నా పేపరు దాని చేతిలో పెట్టొద్దు, నేను రాసినట్టు దానికి చెప్పొద్దు అని. ఆయన పెద్దమనిషి, జవాబిచ్చాడు. నా పేపరు ఆయనే దిద్దాడు. నాకు వచ్చింది నలభై ఒకటి. ఎవరి తప్పూ లేదు, నాకు సగం లెక్కలు రాలేదు. అందరి పేపర్లూ దిద్దే కూతురికి, అమ్మ పరీక్ష పోయిందని ఏ ముఖంతో రాయను? అందుకే ఊరుకున్నాను. నువ్వు నా మౌనం మీద ఇంత ఇల్లు కట్టేస్తావని నాకేం తెలుసు.

నీ చేతిలో పడింది మీ ఉనైసి పిన్ని పేపరు. అవును, దుకాణంలో నా పక్క కౌంటర్లో ఉండే ఉనైసే. పాసయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకుంది, అందుకే నీక్కూడా చెప్పలేదు. మేమిద్దరం కాన్వెంటులో ఒకే బెంచీ. మా ఇద్దరికీ రాత నేర్పింది ఒకే సిస్టరు, గీత తగిలితే వేళ్ళ మీద బెత్తం. మా పుస్తకాలు ఆవిడే పోల్చుకోలేక ఒకరి తప్పుకి ఇంకొకరిని కొట్టేది. ఆ చావింటికి నేనొక్కదాన్నే వెళ్ళానని ఎవరు చెప్పారు నీకు? చాప నా చంకలో ఉంది, వాళ్ళకివ్వాల్సిన కిరసనాయిలు డబ్బా ఉనైసి నెత్తిన ఉంది. నువ్వు నన్నే చూశావు, దాన్ని చూడలేదు. పిల్లలకి తల్లి ఒక్కతే కనబడుతుంది.

ఇప్పుడు అసలు సంగతి విను. ఈ కోర్సులో నాకు తెలిసిన కాస్తా ఉనైసి చెప్పిందే. టీ తాగేటప్పుడు బిస్కట్ల డబ్బా మూత మీద సుద్దముక్కతో రాసి చెప్పేది. దానికి నలభై ఏడు వచ్చిందంటే నేను నమ్మలేదు. అది నమ్మింది. పాసైతే దుకాణం ఆఫీసులో కుర్చీ ఇస్తానని మా యజమాని యీ గారు మా ఇద్దరికీ చెప్పి ఉన్నాడు. ఇద్దరం పరీక్ష తప్పేసరికి లబాసా నుంచి ఎవరినో తెచ్చి కూర్చోబెట్టాడు. ఉనైసి మొగుడు సెమీ సంగతి నీకు తెలుసు కదా, మాటలో విషం లేదు గానీ నోటికి మూత లేదు. కావా వేరు రసం తాగుతూ గిన్నె చుట్టూ కూర్చున్న వాళ్ళందరి ముందూ, "మా ఆవిడ లెక్కల్లో డాక్టరమ్మ, మూడు మార్కులు ఎవరికో అప్పిచ్చి వచ్చింది" అన్నాడు. అందరూ నవ్వారు. ఉనైసి కూడా నవ్విందట. మర్నాడు దుకాణానికి రానని కబురు చేసింది. వచ్చే శనివారం ఓడలో తవేఉని దీవికి వెళ్ళిపోతున్నారు, వాళ్ళ బావగారి కొబ్బరి తోటలో పనికి. చాపలు చుట్టేస్తున్నారు. పుస్తకాలన్నీ నాకిచ్చేసింది. "నీకైనా పనికొస్తాయి, నాకు బుర్ర లేదని కాయితం మీద రాసిచ్చారు" అంది.

నేను నీ చదువులో వాటాకి రాలేదు లైసా. నువ్వు సెలవులకి వచ్చి ఏదో చెప్తుంటే నాకు అర్థమయ్యేది కాదు, తల ఊపేదాన్ని. తల ఊపి ఊపి విసుగొచ్చింది. అంతే. దాని గురించి తర్వాత ఎప్పుడన్నా కొట్లాడుకుందాం, తీరిగ్గా. నా మీద నీకున్న కోపం నా మీదే ఉండాల్సింది, తప్పి ఇంకో ఆడదాని మీద పడింది. ముందు ఉనైసిని లేపి నిలబెట్టు. ఈ ఉత్తరం మడిచిపెట్టి మీ డాక్టర్ గారి దగ్గరికి వెళ్ళు. అన్నం తిని వెళ్దామనుకోకు.

మీ అమ్మ
మెరెవై


సువా,
బుధవారం.

ఉనైసి పిన్నికి,

ఈ ఉత్తరం ఓడలో పనిచేసే మా మామయ్య చేతికి ఇస్తున్నాను, పోస్టులో వేస్తే నువ్వు వెళ్ళేలోపు అందదని. నేను మెరెవై కూతుర్ని. నీ పేపరు దిద్దింది నేను. నీకు రావాల్సిన మార్కులు తీసేసింది నేను. ఎందుకు తీశానో అమ్మకి రాసిన ఉత్తరంలో ఉంది, అది నీకు చదివి వినిపించమని అమ్మకి చెప్పాను. ఇక్కడ మళ్ళీ రాస్తే నా తప్పుకి సంజాయిషీ చెప్పుకున్నట్టు ఉంటుంది.

అమ్మ ఉత్తరం అందగానే డాక్టర్ అవినేష్ గదికి వెళ్ళాను. ఆయన రోటీ తింటున్నారు. నన్ను చూసి, "ఎవరికేమైంది? ముఖం అలా ఉందేం?" అన్నారు. నిలబడే అంతా చెప్పాను. తింటున్నది పక్కన పెట్టి చెయ్యి తుడుచుకుని, "మీ అమ్మ నాకు రాసిన సంగతి ఇప్పుడు తెలిసిందా?" అని అడిగారు.

"తెలిసింది సార్."

"ఆవిడ మార్చిలోనే రాసింది. కూతురు కూడా వచ్చి చెప్తుందిలే అనుకున్నా. నెలంతా చూశా. రోజూ పొద్దున గుడ్ మార్నింగ్ చెప్పావే గానీ ఆ మాట చెప్పలేదు."

ఆయన బీరువా తెరిచి సవుసవు కట్ట తీశారు. నీ పేపరొక్కటే కాదు, కట్టలో పేపర్లన్నీ నా ఎదురుగా మళ్ళీ చూశారు. మిగతా వాటిలో తేడా లేదు. నీ పేపరు మీద నేను గీసిన గీతల్లో ఒక్కొక్కదాని మీదా వేలు పెట్టి, "ఇది ఎందుకు?" అని అడిగారు. ప్రతిసారీ "తప్పు సార్, మార్కు ఇవ్వాల్సింది" అనాల్సి వచ్చింది. చివరికి కలిపితే నీకు యాభై ఎనిమిది. పిన్నీ, నువ్వు పాసయ్యావు. నేను పాస్ చేయలేదు, నువ్వు ఆ రోజే పాసయ్యావు. సవుసవు సెంటర్‌కి ఆయనే ఫోన్ చేశారు. సరిదిద్దిన కాయితం సంతకం పెట్టి ఈ కవర్లోనే పెట్టించారు.

నా పని పోయింది. "తప్పుగా దిద్దినందుకు తీసేయట్లేదు. కళ్ళెదురుగా ఉన్నా చెప్పనందుకు తీసేస్తున్నా" అన్నారు. సబబే అనిపించింది. గదిలోంచి బయటికి వచ్చాక విలియామికి చెప్తే, వాడు, "నాకు మా పెద్దనాన్న కొడుకు పేపరు వచ్చింది లైసా. వాడికి తొమ్మిది మార్కులే వచ్చాయి గనక ఎవరూ అనుమానించరు" అన్నాడు. తర్వాత వాడు కూడా ఆ తలుపు తట్టాడు.

యీ గారి ఆఫీసు కుర్చీ నేను తెచ్చి ఇవ్వలేను. సెమీ బాబాయి అన్న మాట, నవ్విన వాళ్ళ నవ్వు వెనక్కి తీసుకోలేను. క్షమించమని అడగడానికి కూడా నోరు రావడం లేదు, అడిగితే నీ మీద ఇంకో బరువు పెట్టినట్టు అవుతుందేమో. తవేఉనికి వెళ్ళాలో వద్దో నీ ఇష్టం. కానీ బుర్ర లేదని కాయితం మీద రాసిచ్చారనుకుని మాత్రం వెళ్ళకు. అలా ఎవరూ రాయలేదు. ఆ మార్కులు వేసిన నాకే నీ పేపరు చూసే కళ్ళు లేవు.

లైసానీ


సవుసవు,
ఆదివారం, చర్చి అయ్యాక.

లైసానీకి,

నీ ఉత్తరం శుక్రవారం సాయంత్రం అందింది. మీ అమ్మ రేవు దగ్గర్నుంచి మా ఇంటిదాకా పరుగెత్తుకొచ్చింది. మెరెవై పరుగెత్తడం చూసి ఎవరో పోయారనుకుని చుట్టుపక్కల ఆడవాళ్ళంతా బయటికొచ్చారు. మీ అమ్మ వచ్చీ రాగానే కవరు నా ఒళ్ళో పడేసి నీళ్ళు అడిగింది.

రెండు ఉత్తరాలూ చదివాను, నీదీ, మీ అమ్మకి నువ్వు రాసిందీ. పళ్ళెం మాట దగ్గర మీ అమ్మ ఏడ్చింది. నేను ఏడవలేదు. నాకు ఒళ్ళు మండింది. మీ తల్లీ కూతుళ్ళ మధ్య ఉన్నదేదో మీ ఇద్దరి మధ్య తేల్చుకోకుండా నా పేపరు మీద తేల్చుకున్నారు. నెల రోజులు నేను అద్దంలో చూసుకుంటే ఒక మొద్దు కనబడింది. బస్సులో చిల్లర లెక్క పెట్టుకోవడానికి కూడా నా మీద నాకు నమ్మకం లేకుండా పోయింది, పక్కవాళ్ళ చేత లెక్కపెట్టించాను. ఇరవై ఏళ్ళు దుకాణంలో చిల్లరిచ్చిన దాన్ని. ఆ నెల నువ్వు తిరిగివ్వలేవని నువ్వే రాశావు, నిజమే.

సెమీకి సరిదిద్దిన కాయితం చూపించాను. పైకీ కిందికీ చూసి, "అయితే సామాన్లు విప్పాలా?" అన్నాడు. "కట్టింది నువ్వే, విప్పేది కూడా నువ్వే" అన్నాను. నిన్న ఓడ వెళ్ళిపోయింది, మేము వెళ్ళలేదు. పొద్దున చర్చి మెట్ల మీద ఆ రోజు నవ్విన వాళ్ళందర్నీ ఆపి, వాళ్ళేం అడక్కుండానే, "మా ఆవిడకి యాభై ఎనిమిది" అని చెప్పాడు. పాస్టరు గారికైతే రెండుసార్లు చెప్పాడు. వద్దని చెయ్యి పట్టుకుని లాగాను గానీ, గట్టిగా లాగలేదు.

యీ గారి దగ్గరికి రేపు వెళ్తాను. కుర్చీ అడగను. కౌంటర్లో నా చోటు నాకు కావాలి. రెండో భాగానికి పేరు రాయించాను. మీ అమ్మ మొదటి భాగం మళ్ళీ రాస్తుంది. సోమ, గురువారాలు మా ఇంట్లో కూర్చోవాలని చెప్పాను. తరుగుదల లెక్క చెప్తుంటే కునికిపాట్లు పడుతుంది, నెత్తిన మొట్టికాయ వేస్తానని ముందే చెప్పి ఉంచాను. నువ్వు అడ్డం రావద్దు.

మీ డాక్టర్ గారు చెప్పే పాఠాలు మాకు పోస్టులో అందేసరికి పరీక్ష దగ్గరికొస్తుంది. నువ్వు రెండో భాగం చదివినప్పటి పుస్తకాలు నీ దగ్గర ఉండి ఉంటాయి. వాటి పక్కన నువ్వు రాసుకున్నవి చెరపకు, అలాగే పంపు.

నీ మీద కోపం ఇంకా ఉంది. అది ఉండనీ. పుస్తకాలు పంపు.

ఉనైసి